బంధం తెంచితే వేడి రాదు, కట్టితే వస్తుంది

ఇది కొంచెం పెద్ద పోస్ట్. తీరిగ్గా చదవండి. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి. మధ్యలో లెక్కలు ఉన్నాయి.

మేము హాస్టల్లో ఒక గదిలో ఐదుగురం. ముగ్గురిది కెమిస్ట్రీ, ఒకడిది జువాలజీ, ఒకడిది ఫిజిక్స్. ఐదుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంట్లో మాట్లాడేది ఒక భాష, ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నది తెలుగు, ఇప్పుడు డిగ్రీలో పుస్తకాలన్నీ ఇంగ్లీష్. ఇంటర్‌లో ‘ఉష్ణమోచక చర్య’ అని బట్టీ పట్టాం. ఇక్కడికొచ్చాక అదే ‘ఎక్సోథర్మిక్’ అయింది. ‘ఉష్ణగ్రాహక’ ఏమో ‘ఎండోథర్మిక్’. రెండూ మనం ఇంట్లో అనే మాటలు కావు. మన అమ్మని అడిగితే ‘వేడి ఇచ్చేది, వేడి తినేది’ అంటుంది. మేము ఈ పోస్టులో ఎక్కువగా అలాగే రాస్తాం.

ఈ పోస్టు ఎందుకు రాస్తున్నామంటే, మా గదిలో ఒకడికి కెమిస్ట్రీ పేపరు ఒకటి మిగిలిపోయింది. కాఫీ పళ్లు కోతకొచ్చాయి, ఇంటి నుంచి రోజూ ఫోన్లు. “పేపరు ఎలాగూ పోతుంది, కోతకి వెళ్తే నాలుగు డబ్బులైనా వస్తాయి” అని ఒక రాత్రి బ్యాగు సర్దేశాడు. మన ఊళ్లల్లో ఇలా సర్దుకుని వెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగొచ్చారో మీకు తెలియనిది కాదు. మేమేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. “వెళ్దువుగానిలే, అసలు ఏది అర్థం కాలేదో ఒక్కటి చెప్పి వెళ్లు” అన్నాం. వాడు చెప్పింది వింటే ఆ ప్రశ్న వాడిదొక్కడిదే కాదని తెలిసింది.

వాడు చదువుతున్నది జిరాక్స్ షాపులో దొరికే నోట్స్. అందులో ‘బంధాలు తెగినప్పుడు శక్తి విడుదల అగును’ అని ఒక చోట ఉంది. రెండు పేజీల తర్వాత ‘బంధ వియోజనానికి శక్తి అవసరం’ అని ఉంది. వాడు అడిగింది ఇది: “తెంచితే శక్తి వచ్చేటట్టయితే, గొడ్డలితో కట్టె చీల్చినప్పుడే మంట రావాలి కదరా? మరి అగ్గిపుల్ల ఎందుకు?”

నవ్వుకున్నాం గానీ, ప్రశ్న మాత్రం సూటిగా ఉంది. ఆ రాత్రి రెండింటి దాకా దాని మీదే కూర్చున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. రెండు పరమాణువుల మధ్య బంధం అంటే లోపల శక్తి కుక్కి పెట్టిన సంచి కాదు. రెండు అయస్కాంతాలు తీసుకోండి. దగ్గరికి తెస్తే వాటంతట అవే టక్కున అతుక్కుంటాయి. విడదీయాలంటే మనం లాగాలి, అంటే మనం శక్తి పెట్టాలి. పరమాణువులూ అంతే. విడిగా ఉన్నవి కలిసినప్పుడు శక్తి బయటికి వస్తుంది. కలిసి ఉన్నవాటిని విడదీయాలంటే అంతే శక్తి మనం పెట్టాలి. తెంచడం ఎప్పుడూ ఖర్చే, కట్టడం ఎప్పుడూ రాబడే. ఇందులో మినహాయింపు లేదు.

బంధ శక్తి లేదా బంధ ఎంథాల్పీ అని పట్టికలో ఇచ్చేది ఆ ఖర్చు. హైడ్రోజన్‌లో హెచ్–హెచ్ బంధానికి 436 అని ఉంటే, వాయు స్థితిలో ఒక మోల్ బంధాలు తెంచడానికి 436 కిలోజౌళ్లు పెట్టాలని అర్థం. అదే బంధం ఏర్పడితే 436 మనకి తిరిగి వస్తాయి. ఎంథాల్పీ మార్పు, అదే డెల్టా హెచ్, అంటే స్థిరమైన పీడనం దగ్గర చర్య మొత్తంలో వచ్చిన వేడి లేదా తిన్న వేడి. వేడి బయటికి పోతే మైనస్, లోపలికి వస్తే ప్లస్. ఈ గుర్తు చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. ‘వేడి వచ్చింది కదా, ప్లస్ కదా’ అంటారు. లెక్క రాసేది మన చేతి వైపు నుంచి కాదు, చర్య వైపు నుంచి. సంతలో పసుపు అమ్మిన రోజున మన బస్తా ఖాళీ అవుతుంది, కొన్నవాడి బస్తా నిండుతుంది. డెల్టా హెచ్ అమ్మినవాడి బస్తా లెక్క.

ఇప్పుడు మీథేన్ మంట. పెన్ను తీయండి. ఒక మీథేన్, రెండు ఆక్సిజన్లు కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి ఆవిర్లు.

తెంచాల్సినవి: మీథేన్‌లో నాలుగు సి–హెచ్ బంధాలు. ఒక్కోటి 413, మొత్తం 1652. రెండు ఆక్సిజన్ జంటలు, ఒక్కోటి 498, మొత్తం 996. ఖర్చు 2648.

కట్టేవి: కార్బన్ డయాక్సైడ్‌లో రెండు సి–ఓ ద్విబంధాలు. ఒక్కోటి 799, మొత్తం 1598. రెండు నీళ్లలో నాలుగు ఓ–హెచ్ బంధాలు. ఒక్కోటి 463, మొత్తం 1852. రాబడి 3450.

ఖర్చులోంచి రాబడి తీసేస్తే 2648 మైనస్ 3450, అంటే మైనస్ 802 కిలోజౌళ్లు. ప్రయోగంలో కొలిచిన విలువ కూడా, నీళ్లు ఆవిరిగానే ఉన్నప్పుడు, మైనస్ 802. ఇది చూసి మావాడు కాసేపు కాగితం వంకే చూశాడు. “అంటే అగ్గిపుల్ల ఆ 2648కా?” అన్నాడు. మొత్తానికి కాదు. మొదట కొన్ని అణువుల్లో బంధాలు తెగేంత వేడి అగ్గిపుల్ల ఇస్తే చాలు. అవి కొత్తగా కట్టుకున్నప్పుడు వచ్చిన రాబడి పక్కవాటిని తెంచుతుంది. అలా మంట తన ఖర్చు తనే చూసుకుంటుంది. గొడ్డలి దెబ్బకి కట్టె రెండు ముక్కలవుతుంది గానీ, కొత్త బంధాలు ఏవీ కట్టుకోలేదు. మరి మంట ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో సంగతి గమనించండి. ఆక్సిజన్‌లో ఉన్నది ద్విబంధమే అయినా 498 మాత్రమే. కార్బన్ డయాక్సైడ్‌లో ద్విబంధం 799. అంటే ఆక్సిజన్ జంట కొంచెం బలహీనంగా కట్టుకుని ఉంది. ఇంధనాలన్నీ వేడి ఇవ్వడానికి పెద్ద కారణం అదే. ‘కట్టెలో శక్తి ఉంది’ అంటాం గానీ గాలికి కూడా సగం పేరు రావాలి.

లెక్కలు చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. బంధ శక్తులతో చేస్తే తెంచినవి మైనస్ కట్టినవి, అంటే క్రియాజనకాలు మైనస్ క్రియాజన్యాలు. సంఘటన ఎంథాల్పీలతో చేస్తే క్రియాజన్యాలు మైనస్ క్రియాజనకాలు. రెండూ తిరగబడి ఉంటాయి. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. సూత్రం బట్టీ పట్టకండి, ఇచ్చిన అంకె ఖర్చా, రాబడా అని అడగండి. బంధ శక్తి ఖర్చు. సంఘటన ఎంథాల్పీ అంటే మూలకాల నుంచి ఆ పదార్థం తయారైనప్పటి మార్పు, దాని గుర్తు దానితోనే వస్తుంది.

పట్టికలో అంకెలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయని భయపడకండి. అవి సగటులు. నీటిలో మొదటి ఓ–హెచ్ బంధం తెంచడానికి 502 కిలోజౌళ్లు పడితే, మిగిలిన రెండోదానికి 427 చాలు. సగటు 464.5. ఒకటి తెగిపోయాక మిగిలినదాని పరిస్థితి మారిపోతుంది కదా. అందుకే ఈ పద్ధతిలో వచ్చే జవాబు కొన్నిసార్లు కొలిచిన విలువకి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు మన పొయ్యి దగ్గరికి వద్దాం. మాకు అసలు ఈ పాఠం అంటుకున్నది అక్కడే.

మీథేన్ లెక్క మైనస్ 802 అన్నాం. కానీ చాలా పుస్తకాల్లో మైనస్ 890 అని ఉంటుంది. తప్పు కాదు. అక్కడ నీళ్లు ఆవిరిగా కాక ద్రవంగా లెక్కేశారు. తేడా 88, రెండు మోళ్ల నీళ్లకి ఒక్కోదానికి 44. అంటే 18 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి 44 కిలోజౌళ్లు కావాలి. బంధ శక్తి లెక్కలన్నీ వాయువులకే అని చెప్పేది అందుకు.

ఈ 44ని పట్టుకుని మావాడే లెక్క వేశాడు. వానాకాలం అమ్మ పచ్చి కట్టెలు పెట్టి ఊదుడు గొట్టంతో ఊదుతూ కళ్లు తుడుచుకోవడం అందరం చూసినవాళ్లమే. అప్పుడే కొట్టిన కట్టెలో బరువులో సగం దాకా నీళ్లు ఉండొచ్చు. కిలో పచ్చి కట్టెలో అర కిలో నీళ్లు అనుకోండి. అర కిలో అంటే దాదాపు 28 మోళ్లు. ఒక్కోదానికి 44 చొప్పున సుమారు 1200 కిలోజౌళ్లు నీళ్లని ఆవిరి చేయడానికే పోతాయి. మిగిలిన అర కిలో అసలు కట్టె. నీళ్లు పూర్తిగా లేని కట్టె కిలోకి 18,000 కిలోజౌళ్లకి దగ్గరలో ఇస్తుంది కాబట్టి అర కిలోకి 9,000. ఏడో వంతు దాకా అన్నానికి చేరకముందే పోయింది.

“ఏడో వంతే కదా, మరి అంత ఇబ్బందెందుకు?” అన్నాడు ఫిజిక్స్ వాడు. అక్కడ అసలు సంగతి ఉంది. నీళ్లు వేడి తినేయడం వల్ల మంట చల్లబడుతుంది. చల్లబడ్డ మంటలో కట్టె నుంచి వచ్చిన ఆవిర్లు పూర్తిగా కాలవు. బంధాలు తెగుతాయి గానీ, ఆక్సిజన్‌తో కొత్త బంధాలు పూర్తిగా కట్టుకోకుండానే పైకి పోతాయి. ఖర్చు అయింది, రాబడి సగంలో ఆగింది. పొగ అంటే అదే. మసి, తారు, కార్బన్ మోనాక్సైడ్. అమ్మ కళ్లల్లోకి వెళ్లేది అన్నానికి చేరాల్సిన వేడి.

ఎంత పోతుందో కార్బన్‌తో చూడొచ్చు. ఒక మోల్ కార్బన్ పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అయితే 393.5 కిలోజౌళ్లు వస్తాయి. సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ అయితే 110.5 మాత్రమే. మిగిలిన 283 ఆ వాయువుతోనే వెళ్లిపోయింది. ఆ మోనాక్సైడ్‌ని తర్వాత కాల్చితే ఆ 283 సరిగ్గా వస్తుంది. 110.5, 283 కలిపితే 393.5. ఒకేసారి వెళ్లినా రెండు మజిలీల్లో వెళ్లినా మొత్తం ఒక్కటే. ఇదే హెస్ నియమం. జెర్మేన్ హెస్ అనే ఆయన రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండి 1840లో చెప్పాడు. మనకి పాడేరు ఘాట్ చాలు. బస్సులో మలుపులు తిరుగుతూ ఎక్కినా, కాలిబాటన అడ్డంగా ఎక్కినా, కింద నుంచి పైకి ఎక్కిన ఎత్తు ఒక్కటే. కాళ్ల నొప్పి వేరు, ఎత్తు వేరు. ఎంథాల్పీ ఎత్తు లాంటిది.

బంధ శక్తులతో కూడా సరిచూశాం. మోనాక్సైడ్‌లో కార్బన్–ఆక్సిజన్ బంధం 1072, చాలా గట్టిది. దాన్ని తెంచి, అర మోల్ ఆక్సిజన్‌ని 249తో తెంచితే ఖర్చు 1321. డయాక్సైడ్ కట్టితే రాబడి 1598. తేడా మైనస్ 277. అసలు విలువ మైనస్ 283. సగటు అంకెలతో ఇంత దగ్గరికి రావడమే గొప్ప.

ఇక్కడ లెక్క ఆపి ఒక మాట. ఇది పరీక్ష కోసం కాదు. లంబసింగి, చింతపల్లి వైపు చలికాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. చలి తట్టుకోలేక రాత్రి నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు, కిటికీలు మూసి పడుకునేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. హాస్టల్లో పిల్లలూ చేస్తారు. మంట లేకుండా ఎర్రగా ఉన్న బొగ్గుల నుంచి, గాలి సరిగా ఆడని చోట, ఈ మోనాక్సైడే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నిద్రమత్తు, ఆ తర్వాత లేవరు. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు, అది తప్పు. నెగడు వేసుకుంటే ఆరుబయట వేసుకోండి. కుంపటి దగ్గర కాచుకోవాలనిపిస్తే తలుపు తీసి కాచుకోండి, పడుకునే ముందు బయట పెట్టేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ చేసి మన భాషలోనే చెప్పండి. కెమిస్ట్రీ పేరు ఎత్తక్కర్లేదు.

మళ్లీ పాఠానికి. మాలో ఒకరి అమ్మ “గ్యాస్ మీద గబుక్కున ఉడుకుతుంది, కట్టెల మీద ఎందుకు ఉడకదు?” అని అడిగిందట. పొయ్యి తేడా ఉంది నిజమే, కానీ లోపల కూడా తేడా ఉంది. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. వాటిలో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఏమీ లేదు, ఆక్సిజన్‌తో బంధాలన్నీ ఇంకా కట్టాల్సే ఉంది. కట్టెలో ఎక్కువ భాగం ఉండే సెల్యులోజ్‌లో దాదాపు సగం బరువు ఆక్సిజనే. అంటే అక్కడ కొన్ని ఆక్సిజన్ బంధాలు చెట్టు పెరిగేటప్పుడే ఉన్నాయి, రాబడిలో కొంత ముందే అయిపోయింది. అందుకే కిలోకి గ్యాస్ 46,000 కిలోజౌళ్ల దాకా ఇస్తే ఎండు కట్టె అందులో సగం కూడా ఇవ్వదు. సిలిండర్ నింపించడానికి డబ్బులెక్కడివి అన్నది వేరే లెక్క. ఆ లెక్క కెమిస్ట్రీ పుస్తకంలో లేదు.

జువాలజీ వాడి గొడవ ఒకటి మిగిలింది. వాళ్ల నోట్సులో ఏటీపీలో ‘అధిక శక్తి బంధం తెగి శక్తి వస్తుంది’ అని ఉంది. అక్కడా అదే న్యాయం. చివరి ఫాస్ఫేటు బంధం తెంచడానికి ఖర్చే. నీటితో కలిసి కొత్త బంధాలు కట్టుకుని, వచ్చిన ముక్కలు నీళ్లలో ఇంకా నిమ్మళంగా ఉండటం వల్ల చివరికి మోల్‌కి సుమారు 30 కిలోజౌళ్లు మనకి మిగులుతాయి. పొద్దున తాగిన చోడి అంబలి కూడా ఒంట్లో కాలడమే, మంట లేకుండా, చిన్న చిన్న మజిలీల్లో.

వేడి తినే చర్య చూడాలంటే బకెట్ నీళ్లలో యూరియా కలిపి చెయ్యి పెట్టండి, చల్లగా తగులుతుంది. వేడి ఇచ్చేది చూడాలంటే పండక్కి గోడలకి వేసే సున్నం రాళ్ల మీద నీళ్లు పోసినప్పుడు చూడండి, కానీ దూరం నుంచి. చిటపటమని ఉడికి కళ్లల్లో పడితే చూపు పోతుంది. చిన్నపిల్లల్ని అసలు రానివ్వకండి.

యూరియా అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. గాలిలో నైట్రోజన్ త్రిబంధం 945. దాన్ని తెంచడం ఎంత కష్టమంటే, అమ్మోనియా ఫ్యాక్టరీలో 400 డిగ్రీల పైన వేడి, వందల రెట్ల వాతావరణ పీడనం, పైగా ఇనుము ఉత్ప్రేరకం పెడతారు. మొత్తం చర్య లెక్క వేస్తే వేడి ఇచ్చేదే. 2253 ఖర్చు, 2346 రాబడి, మైనస్ 93. లాభం ఉన్న బేరమే గానీ ముందు పెట్టుబడి పెట్టలేక ఆగిపోతుంది. మన కంది చేను వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు మాత్రం మామూలు నేల వేడిలోనే ఆ పని చేస్తాయి. వాటికీ ఊరికే కాదు, ఒక్కో నైట్రోజన్ అణువుకి 16 ఏటీపీలు ఖర్చు పెడతాయి. కంది మొక్క తను తయారు చేసుకున్న చక్కెర వాటికి పెడుతుంది. కందులు వేసిన చేలో తర్వాతి పంట బాగుంటుందని తాతలు అనేది ఉత్త మాట కాదు.

మావాడు ఆ రాత్రి బ్యాగు విప్పలేదు, అలాగే మంచం కింద తోశాడు. వాళ్ల అన్న రెండు వారాలు కోత చూసుకుంటానన్నాడు. పేపరు ఈ నెల 19న. పాసవుతాడో లేదో రాసొచ్చాక తెలుస్తుంది. ఇప్పుడైతే రాత్రుళ్లు మాకే ప్రశ్నలు ఇస్తున్నాడు, చికాకు పుట్టేన్ని.

తమ్ముళ్లు, చెల్లెళ్లకి వాడు ఇచ్చిన లెక్క ఇదీ. హైడ్రోజన్, క్లోరిన్ కలిసి రెండు హైడ్రోజన్ క్లోరైడ్లు అవుతాయి. హెచ్–హెచ్ 436, క్లోరిన్ జంట 242, హెచ్–క్లోరిన్ 431. మైనస్ 184 రావాలి. ప్లస్ 184 వస్తే ఖర్చు, రాబడి తిరగేశారన్నమాట, ఇంకోసారి చేయండి. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా గదిలో కూర్చుంటున్నాం. పక్క హాస్టల్లో ఇంటర్ వాళ్లు ఎవరైనా రావొచ్చు. బంధ శక్తుల పట్టిక ఆరు కాపీలు జిరాక్స్ తీయించి పెట్టాం, కాగితాలు మాత్రం మీరే తెచ్చుకోండి.